ఆత్మహత్య ఆలోచనలున్న పిల్లలను వార్డులో చేర్చుకోవాలా, ఇంటికి పంపాలా? పీజీ వైద్యుల నిర్ణయం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల తల్లిదండ్రులు, హాస్టల్ వార్డెన్లు, జూనియర్ కళాశాలల అధ్యాపకులు మానసిక వైద్య విభాగం గుమ్మం దగ్గర నిలబడి అడిగే ప్రశ్నలు ఇవి. వీటికి అక్కడ తీరికగా జవాబు చెప్పే వ్యవధి చాలాసార్లు దొరకదు కనుక ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివే సమయానికే మీ బిడ్డ ప్రాణానికి ముప్పు ఉన్నదనిపిస్తే చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి, బిడ్డను ఒంటరిగా వదలకండి. మాట్లాడే మనిషి కావాలంటే టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ తెలుగులో పనిచేస్తుంది.

రాత్రి క్యాజువాలిటీలో మా బిడ్డను చూసినది పీజీ డాక్టరు అన్నారు. ఇంకా చదువుకుంటున్న వారు ఇంత పెద్ద నిర్ణయం తీసుకోవచ్చునా?

పీజీ అంటే ఎంబీబీఎస్ పూర్తిచేసి, మానసిక వైద్యంలో మూడేళ్ల ఎండీ చేస్తున్న డాక్టరు. రాత్రిపూట మొదట వచ్చేది వారే, బిడ్డతో ఎక్కువసేపు కూర్చునేదీ వారే. అయితే చివరి నిర్ణయం వారొక్కరిదే కాదు. పీజీ పరీక్షించి, ఎండీ పూర్తిచేసిన సీనియర్ రెసిడెంటుకు చెబుతారు, ఆ పైన డ్యూటీలో ఉన్న ప్రొఫెసరుకో అసిస్టెంట్ ప్రొఫెసరుకో ఫోన్ చేస్తారు. ఇది ఆసుపత్రి ఆనవాయితీ మాత్రమే కాదు, చట్టం కూడా. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని బిడ్డను మానసిక వైద్య వార్డులో చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి చేర్చుకోవడం అవసరమని తేల్చాలి. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు సైకియాట్రీలో పట్టమో డిప్లొమానో ఇప్పటికే పొందిన వారై ఉండాలి. అందువల్ల పీజీ సంతకం ఒక్కటే చాలదు.

మహబూబ్‌నగర్‌లో 2016లోనూ, నల్గొండలో 2019లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాక ఇటువంటి కేసులన్నింటినీ హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి పంపవలసిన పరిస్థితి కొంత మారింది. దానితోపాటు, 2021 బ్యాచి నుండి ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రిలో పనిచేయాలన్న నియమం వచ్చింది. నగరంలో చదివిన పీజీకి కల్వకుర్తి ఇంటర్ పిల్లవాడి ఇల్లు ఎలా ఉంటుందో తెలిసేది అక్కడే.

బిడ్డ వచ్చీ రాగానే మానసిక వైద్యుడిని ఎందుకు పిలవరు?

ముందు శరీరం, తరువాత మనసు. ఏదైనా మింగినా, తాగినా, గాయపరచుకున్నా మొదటి బాధ్యత జనరల్ మెడిసిన్, సర్జరీ విభాగాలదే. బిడ్డ పైకి బాగానే కనిపిస్తున్నాడని వెనక్కి తీసుకువెళ్లకండి, ఎందుకంటే కొన్ని విషాల ప్రభావం ఆలస్యంగా, అప్పుడప్పుడు రోజుల తరువాత బయటపడుతుంది. మత్తులో ఉన్న బిడ్డతో మొదటి సంభాషణ జరిగినా దాని మీద నిర్ణయం తీసుకోరు. మద్యమో, మన ప్రాంతంలో దొరికే కల్తీ కల్లో, నిద్రమాత్రలో కారణమైతే మత్తు పూర్తిగా దిగాక మళ్లీ మొదటి నుండి మాట్లాడతారు.

"చావాలనిపిస్తోందా?" అని బాహాటంగా అడుగుతున్నారు. లేని ఆలోచన పుట్టించినట్లు కాదా?

కాదు. సూటిగా అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదని, పెరగదని పరిశోధనలు చాలాకాలంగా చూపుతున్నాయి. నిజానికి చాలామంది పిల్లలు ఎవరైనా అడిగితే చెబుదామని ఎదురుచూస్తూ ఉంటారు. ఇంట్లో మీరు కూడా అడగవచ్చు.

పీజీ అడిగే ప్రశ్నలకు ఒక క్రమం ఉంటుందా?

ఉంటుంది. మొదట బతుకు మీద విసుగు గురించి అడుగుతారు, పడుకుంటే మళ్లీ లేవకపోతే బాగుండునని అనిపించిందా అని. ఆ తరువాత ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందా, ఎలాగ అన్నది కూడా మనసులో ఉన్నదా, చేసెయ్యాలన్న ఉద్దేశం ఎంత బలంగా ఉన్నది, ఎప్పుడు ఎక్కడ అని నిశ్చయించుకున్నదా అని ఒక్కొక్క మెట్టు దిగుతారు. కొలంబియా స్కేల్ అనే ప్రశ్నావళి ఈ మెట్ల క్రమంలోనే తయారైంది, పీజీలకు మొదట నేర్పేదీ అదే. ఆలోచనలతోపాటు చేసిన పనులు కూడా అడుగుతారు: ప్రయత్నం మొదలుపెట్టి తానే ఆగిపోయిందా, ఎవరైనా చూసి ఆపారా, ఉత్తరం రాసిందా, తన వస్తువులు ఎవరికైనా పంచిందా?

ప్రయత్నం జరిగిన తరువాత వచ్చిన బిడ్డనైతే పీజీ ఆ రోజును గంటల వారీగా చెప్పించుకుంటారు. ఎవరూ లేని వేళ చూసుకున్నదా, తలుపు గడియ పెట్టుకున్నదా, తరువాత తానే ఎవరినైనా పిలిచిందా, బతికి బయటపడినందుకు ఇప్పుడు ఏమనిపిస్తోంది? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు, ఆ జవాబు చెప్పేటప్పటి ముఖం, నా దృష్టిలో మిగతా వాటన్నింటికంటే ఎక్కువ చెబుతాయి. "కొంచెమే తాగింది సార్, ఊకె బెదిరియ్యనీకి జేసింది" అని బంధువులు అంటూ ఉంటారు. ఎంత తాగింది అన్నదానికీ చావాలని ఎంత కోరుకున్నది అన్నదానికీ నేరుగా లంకె లేదు. ఆ కొంచెమే ప్రాణం తీస్తుందని నమ్మి తాగిన పిల్ల ఉద్దేశం చిన్నది కాదు.

మమ్మల్ని బయటకు పంపి ఎందుకు మాట్లాడతారు? చెప్పినవన్నీ మాకు చెబుతారా?

కొంతసేపు బిడ్డతో విడిగా, కొంతసేపు మీతో విడిగా, చివరికి అందరితో కలిపి మాట్లాడడం పద్ధతి. తండ్రి ఎదుట ప్రేమ సంగతి చెప్పే పిల్ల, మేనమామ ఎదుట తాను పడుతున్న హింస చెప్పే పిల్లవాడు మాకు ఇంతవరకు తగలలేదు. మాట్లాడడానికి ముందే పీజీ బిడ్డకు ఒక హద్దు చెబుతారు: "బిడ్డా, నువ్వు చెప్పినవి నా దగ్గరే ఉంటాయి, కానీ నీ ప్రాణానికి ముప్పు అనిపించిన సంగతి మాత్రం అమ్మానాన్నలకు చెప్పక తప్పదు." అందువల్ల భద్రతకు అవసరమైనది మీకు తెలుస్తుంది, మిగతా వ్యక్తిగత విషయాలు బిడ్డ ఒప్పుకుంటేనే తెలుస్తాయి. లైంగిక హింస బయటపడితే అది వేరే దారి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దానిని పోలీసులకు తెలియజేయడం ప్రతి ఒక్కరికీ తప్పనిసరి, దాచే వెసులుబాటు డాక్టరుకు కూడా లేదు.

స్కేల్‌లో ఇన్ని మార్కులు దాటితే చేర్చుకోవాలి అనే లెక్క ఉన్నదా?

లేదు, ఉండకూడదు కూడా. యాభై ఏళ్ల కాలంలో వచ్చిన 365 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2017లో అచ్చయింది. ఎవరు ఆత్మహత్యకు ప్రయత్నిస్తారో ముందుగా చెప్పడంలో మనకు తెలిసిన ప్రమాద కారకాలు ఏవీ విడివిడిగా గుడ్డి అంచనా కంటే పెద్దగా మెరుగు కాదని అది తేల్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలలో ఇంకా సూటిగా చెప్పింది: భవిష్యత్తును ఊహించడానికి ఈ స్కేళ్లను వాడవద్దు, ఎవరికి చికిత్స ఇవ్వాలో నిర్ణయించడానికి వాడవద్దు, మనుషులను ఎక్కువ ప్రమాదం, తక్కువ ప్రమాదం అని గంపలుగా విడదీయవద్దు.

కనుక స్కేల్ పీజీకి ఏ ప్రశ్నా మరువకుండా గుర్తుచేస్తుంది, అంతవరకే దాని పని. ఫోన్‌లో "సార్, హై రిస్క్ కేసు" అని చెప్పిన పీజీని సీనియర్లమైన మేము అక్కడే ఆపుతాం. ఇప్పుడే ఎందుకు, నిన్నటికీ నేటికీ మారినదేమిటి, ఈ బిడ్డకు ఆసరాగా ఎవరున్నారు, రేపో ఎల్లుండో ఏం జరిగితే పరిస్థితి విషమిస్తుంది, ఈ నాలుగూ చెప్పమంటాం. ఇంటర్ ఫలితాలు రేపు ఉదయం వస్తున్నాయన్న సంగతి ఏ స్కేల్‌లోనూ ఉండదు.

అయితే నిర్ణయం దేని మీద ఆధారపడుతుంది?

బిడ్డ పలికిన మాట ఎంత భయంకరంగా ఉన్నది అన్నదాని మీద కాదు. ఈ రాత్రీ, రాబోయే కొద్ది రోజులూ ఆ బిడ్డను ఆ ఇంట్లో క్షేమంగా కాపాడుకోగలమా అన్నదాని మీద. ఒక ఊహాజనితమైన ఉదాహరణ చెబుతాను. ఒకే రాత్రి ఇద్దరు వచ్చారనుకోండి.

మొదటివాడు మిర్యాలగూడ వైపు నుండి వచ్చిన ఇంటర్ రెండో సంవత్సరం అబ్బాయి. హాస్టల్‌లో అందరి ముందు "నేను సస్త" అని అరిచాడు, చేతి మీద పైపై గీతలున్నాయి, వార్డెన్ వణికిపోతూ తీసుకువచ్చాడు. రెండు గంటలలో తల్లి, తండ్రి, పెద్దనాయన ముగ్గురూ చేరుకున్నారు. అబ్బాయి ఏడ్చాడు, ఫిజిక్స్ పేపరు గురించీ, స్నేహితుడితో జరిగిన గొడవ గురించీ చెప్పాడు, రాత్రి గడిచాక చావాలని లేదన్నాడు. మళ్లీ అలా అనిపిస్తే ఎవరితో చెబుతావంటే తడుముకోకుండా పెద్దనాయన పేరు చెప్పాడు. తండ్రి వారం రోజులు మిల్లు పనికి పోనన్నాడు.

రెండో బిడ్డ తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, ఊరు దేవరకొండ అవతలి తండా. అమ్మానాన్నలు పుణెలో భవన నిర్మాణ కూలికి పోయారు, ఇంట్లో కళ్లు సరిగా కనిపించని అవ్వ, ఒక చెల్లె ఉన్నారు. అరుపులు లేవు, ఏడుపు లేదు. ఏమడిగినా "ఏం లేదు సార్" అంటుంది. స్కేల్ ప్రశ్నలకు సగం కాదనే చెప్పింది. అయితే తీసుకువచ్చిన టీచరు ఒక మాట అన్నది: పోయిన వారం తన పట్టీలు తీసి చెల్లె కాళ్లకు పెట్టింది, అప్పటి నుండి సరిగా తినడం లేదు. ఇంటి పక్కనే పత్తి చేను, మందు డబ్బాలు వసారాలోనే ఉంటాయి, రాత్రి ఏదైనా జరిగితే బండి దొరికేది కష్టం.

అబ్బాయిని రాత్రంతా పరిశీలనలో ఉంచి, ఉదయం మళ్లీ మాట్లాడి, మూడో రోజు ఓపీకి రమ్మని రాసి ఇంటికి పంపవచ్చు. అమ్మాయిని చేర్చుకోవాలి. కొత్తగా వచ్చిన పీజీలు తరచుగా దీనికి సరిగ్గా తలకిందులుగా చెబుతారు, ఎందుకంటే చప్పుడు చేసిన వైపే ఎవరి చూపైనా ముందు పోతుంది.

ఇంటి పరిస్థితి ఎంత బాగున్నా చేర్చుకోవలసిన సందర్భాలు కొన్ని ఉంటాయి. చావాలన్న ఉద్దేశం ఇంకా గట్టిగా నిలిచి ఉన్నప్పుడు, బతికినందుకు బాధపడుతున్నప్పుడు, చావమని చెవిలో గొంతులు ఆజ్ఞాపిస్తున్నప్పుడు, తిండీ నిద్రా మానేసేంత తీవ్రమైన కుంగుబాటు ఉన్నప్పుడు, తక్కువ వ్యవధిలో మళ్లీ మళ్లీ ప్రయత్నించినప్పుడు పీజీలు ఎక్కువ తర్జనభర్జన పడరు. హింస ఆ ఇంట్లోనే జరుగుతున్నప్పుడు కూడా అంతే.

"నా మీద ఒట్టేసి చెప్పు, ఇంకెప్పుడూ చెయ్యనని" అని ఒట్టు వేయించాము. సరిపోదా?

ప్రేమతోనే వేయించారు, కానీ దాని మీద ఆధారపడకండి. ఒకప్పుడు వైద్యులు కూడా ఇటువంటి హామీ పత్రాలు రాయించుకునేవారు. అవి ఆత్మహత్యలను ఆపుతాయనడానికి ఆధారం దొరకలేదు. పైగా తల్లి తల మీద చెయ్యిపెట్టి ఒట్టేసిన పిల్ల, రేపు మళ్లీ అదే ఆలోచన వస్తే ఒట్టు తప్పానన్న భయంతో ఎవరికీ చెప్పకుండా దాచే ప్రమాదం ఉన్నది.

దాని బదులు పీజీ బిడ్డతో కూర్చుని ఒక కాగితం రాస్తారు. ఆలోచన ముదురుతున్నదని తనకు తెలిసే గుర్తులేమిటి, అప్పుడు తాను చేయగలిగినదేమిటి, ఎవరి దగ్గరకు వెళ్లి కూర్చుంటుంది, ఎవరికి ఫోన్ చేస్తుంది, ఏ నంబరు, ఇవన్నీ బిడ్డ సొంత మాటలలో ఉండాలి. "మనసు మళ్లించుకుంటాను" అని రాస్తే పీజీ ఒప్పుకోరు, "మా చిన్నమ్మ ఇంటికి పోయి దూడతో ఆడుకుంట" అని రాస్తే ఒప్పుకుంటారు. ఈ కాగితం నింపలేకపోయిన బిడ్డను, ఒక్క పేరు కూడా చెప్పలేని బిడ్డను ఇంటికి పంపడానికి ఎవరూ సాహసించరు.

అంత అనుమానం ఉన్నప్పుడు అందరినీ చేర్చుకుంటే పోలేదా?

వార్డు వల్ల జరిగే మేలు నిజమైనది: కనిపెట్టుకుని ఉండే మనుషులు, అందుబాటులో లేని ప్రమాదకర వస్తువులు, రోగనిర్ధారణకు, మందులకు, కుటుంబంతో మాట్లాడడానికి కొంత వ్యవధి. అయితే చేర్చుకోవడం వల్లనే ఆత్మహత్యలు తగ్గుతాయని గట్టిగా రుజువు చేసిన ప్రయోగ పరిశోధన లేదు. పిల్లల కోసం ప్రత్యేక మానసిక వార్డులు మన జిల్లాలలో అరుదు. మైనర్లను పెద్దల నుండి వేరుగా ఉంచాలని చట్టం చెబుతోంది, దానికి తగిన గది చూడడమే కొన్ని రాత్రులు పీజీకి సగం పని. కొందరు పిల్లలకు వార్డు శిక్షగా తోస్తుంది, ఇకముందు నోరు విప్పితే మళ్లీ ఇక్కడికే తెస్తారని నిశ్చయించుకుంటారు. ఊరిలో పేరు పడుతుందన్న భయం తల్లిదండ్రులది, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో. ఆ భయాన్ని కొట్టిపారేయడం నాకు సరి అనిపించదు, కానీ దానిని ప్రాణంతో సమానంగా తూచడమూ సరికాదు.

మేము వద్దంటే బలవంతంగా చేర్చుకుంటారా? బిడ్డ వద్దంటే?

మైనరుకు సాధారణంగా తల్లిదండ్రులే చట్టపరంగా నామినేటెడ్ ప్రతినిధులు, అంటే బిడ్డ తరఫున నిర్ణయం తీసుకునేవారు. మీ దరఖాస్తుతోనే చేర్చుకుంటారు, మీ సమ్మతితోనే చికిత్స చేస్తారు, వద్దని మీరు వెనక్కి తీసుకుంటే పంపించవలసి ఉంటుంది. బిడ్డతో మీరుగానీ, మీరు ఏర్పాటు చేసిన మనిషిగానీ ఉన్నన్నాళ్లూ వార్డులోనే ఉండాలి, ఆడపిల్ల అయితే తోడుండేది స్త్రీ అయి ఉండాలి. ప్రతి మైనరు చేరికనూ 72 గంటలలో, ఈ చట్టం కింద ఏర్పడిన మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేస్తారు. చేరిన తరువాత వార్డులోనే పద్దెనిమిదేళ్లు నిండితే, ఆ రోజు నుండి తన సంగతి తాను నిర్ణయించుకునే పెద్దవాడిగా లెక్క, ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలలో ఇది అరుదేమీ కాదు.

మీరు కాదన్నంత మాత్రాన పీజీ చేతులు దులుపుకోరు. సీనియరుతో మాట్లాడిస్తారు, కారణాలు కేస్ షీటులో రాస్తారు, మరునాడే రమ్మంటారు. బిడ్డ ప్రాణానికి తక్షణ ముప్పు ఉంటే 72 గంటల వరకు అత్యవసర చికిత్సకు చట్టంలో వీలున్నది, అయితే నామినేటెడ్ ప్రతినిధి అందుబాటులో ఉంటే దానికి కూడా వారి సమ్మతి కావాలి. ఇంట్లోనే హింస ఉన్నదని తేలితే 1098 ద్వారా బాలల సంక్షేమ సమితికి సమాచారం పోతుంది. బిడ్డ సమ్మతి చట్టానికి అవసరం లేకపోయినా చికిత్సకు అవసరం. రెండు గంటలు పట్టినా ఒప్పించి లోపలికి తీసుకువెళ్లడమే పీజీలకు మేము నేర్పేది.

పోలీసు కేసు అవుతుందా?

విషం తాగిన, గాయపడిన కేసులను ఆసుపత్రి ఎంఎల్‌సీగా, అంటే మెడికో లీగల్ కేసుగా నమోదుచేసి పోలీసులకు సమాచారం ఇస్తుంది. ఇది నమోదే తప్ప బిడ్డ మీద నేరారోపణ కాదు. 2017 చట్టం 115వ సెక్షన్, ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, శిక్షించరాదని చెబుతోంది. 2024 జులై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ వంటిది లేదు, ప్రభుత్వ ఉద్యోగి విధులను అడ్డగించడానికో, ఒత్తిడి చేయడానికో చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. కేసు భయంతో "కడుపునొప్పి" అని చెప్పి చేర్పించకండి, దానివల్ల సరైన వైద్యం ఆలస్యమవుతుంది.

ఇంటికి పంపారు. ఇప్పుడు మేము ఏం చేయాలి?

మొదటిది పురుగుమందులు. వ్యవసాయ కుటుంబంలో ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త మరొకటి లేదు. డబ్బాలు ఇంట్లో, వసారాలో, పశువుల కొట్టంలో ఎక్కడా ఉండకూడదు. మిగిలిన మందును ఇంటికి దూరంగా తాళం వేసిన చోటికి మార్చి, తాళం చెవి బిడ్డకు తెలియని పెద్దమనిషి దగ్గర ఉంచాలి. తాత బీపీ మాత్రలు, అవ్వ నిద్రమాత్రలు కూడా అలాగే దాచి, ఏ పూటకు ఆ పూట ఇవ్వాలి. ఇది చాదస్తంగా తోచవచ్చు. కానీ చావాలన్న తీవ్రత చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, ఆ కొద్దిసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

బిడ్డను కొద్ది రోజులు ఒంటరిగా పడుకోనివ్వకండి, కానీ పోలీసులా వెంటాడకండి. "ఎందుకు చేసినవ్, మా పరువు తీసినవ్" అన్న మాట బంధువులలో ఎవరూ ఎత్తకుండా చూడండి. మొక్కులు, దర్గా, గుడి మీ నమ్మకం, వాటిని ఎవరూ కాదనరు, మందులూ ఓపీ తేదీ మాత్రం తప్పకూడదు.

పీజీల నిర్ణయంలో భయం, అలసట పనిచేయవా?

పనిచేస్తాయి. ఈ మధ్యనే ఒక రోగిని పోగొట్టుకున్న పీజీ తరువాతి నెల అంతా వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకోమంటారు. మంచాలు నిండిన రాత్రి అదే పీజీకి అదే బిడ్డ పరవాలేదనిపిస్తుంది. అందువల్ల మేము రెండు ప్రశ్నలు వేస్తాం: "మంచం ఖాళీగా ఉంటే ఏం చేసేదానివి?" అని ఒకటి, "రేపు నిన్ను ఎవరూ ప్రశ్నించరని తెలిస్తే ఏం చేసేదానివి?" అని రెండోది. జవాబు మారితే మళ్లీ బిడ్డ దగ్గరకు వెళ్లి కూర్చోమంటాం. కేస్ షీటులో ఏ నిర్ణయం అన్నది ఒక్కటే కాక, రెండో దారిని ఎందుకు వద్దనుకున్నదీ రాయాలి. ఉదయం రౌండ్స్‌లో ప్రొఫెసరు ముందుగా చదివేది ఆ రెండో వాక్యమే.

మందులు మొదలుపెడితే ఆలోచనలు పెరుగుతాయని విన్నాము. కరెంటు షాక్ ఇస్తారా?

2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 24 ప్రయోగాల సమాచారాన్ని కలిపి చూసి హెచ్చరిక ఇచ్చింది. కుంగుబాటు మందులు వాడిన పిల్లలలో సుమారు 4 శాతం మందిలో, ఉత్తుత్తి మాత్ర వాడిన వారిలో సుమారు 2 శాతం మందిలో కొత్తగా ఆత్మహత్య ఆలోచనలో ప్రవర్తనో కనిపించాయి, ఆ ప్రయోగాలలో ఆత్మహత్య మరణం ఒక్కటీ లేదు. అందుకే మొదటి వారాలలో తరచుగా రమ్మంటారు, సొంతంగా మానకండి. షాక్ చికిత్స మైనరుకు ఇవ్వాలంటే మీ సమ్మతితోపాటు బోర్డు ముందస్తు అనుమతి కూడా కావాలి, రాత్రికి రాత్రి జరిగేది కాదు.

డిశ్చార్జి చేశారు, అంటే ప్రమాదం గడిచినట్లేనా? కళాశాలకు ఏం చెప్పాలి?

వార్డు నుండి వెళ్లిన తరువాతి మొదటి వారాలు, నెలలే అన్నింటికంటే జాగ్రత్తగా ఉండవలసిన కాలం. కనుక డిశ్చార్జి చీటీ మీద వారంలోపు ఓపీ తేదీ లేకపోతే అడిగి వేయించుకోండి. దూరం వల్ల రాలేకపోతే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి పేరు రాయించుకోండి. దేశంలో 2022లో ఆత్మహత్యతో చనిపోయిన 1,70,924 మందిలో 13,044 మంది విద్యార్థులని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి, కనుక ఈ సంగతి కళాశాలకు కొత్తదేమీ కాదు, సంకోచించకండి. ప్రిన్సిపాలుకు, వార్డెనుకు చెప్పవలసినది బిడ్డతో ముందే మాట్లాడుకుని నిర్ణయించండి. రోగం పేరు చెప్పనవసరం లేదు. ఆసుపత్రిలో ఉండి వచ్చాడని, కొద్ది వారాలు పరీక్షల ఒత్తిడి తగ్గించమని, ఒంటరి గది ఇవ్వవద్దని, ఓపీ రోజున సెలవు ఇవ్వమని, అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు రాసిపెట్టుకోమని చెబితే చాలు. వైద్య ధ్రువపత్రంలో ఏ మాట రాయాలో పీజీని అడగండి. అవసరమైనంతకు మించి అందులో ఏదీ రాయరు.